వెలుగుతో వేసిన అతుకు

రెండు లోహపు ముక్కలను ఒకటిగా చేయుట మానవుడు మిక్కిలి పూర్వమే నేర్చిన విద్య. కమ్మరి రెండు ఇనుప బద్దల కొనలను కొలిమిలో తెల్లవేడి వఱకు కాచి, దాగలిపై ఒకదానిమీద నొకటి ఉంచి, సమ్మెటతో మోది ఏకము చేయును. కంసాలి వెలిగారము అద్ది, ఊదుగొట్టముతో దీపపు మంటను సన్నని నాలుకవలె సాగదీసి, తెగిన గొలుసును అతుకును. మన యింటి రేడియో పెట్టె మూత తీసి చూచినచో లోపల తీగల చివరల వెండివలె మెఱయు చిన్న చిన్న బొట్లు కానవచ్చును; అది టంకము. ఈ మూడు పనులలోను సమానమైన యిబ్బంది యొకటి కలదు. అతుకవలసిన చోట పుట్టిన వేడి అచ్చటనే నిలువక చుట్టుప్రక్కలకు ప్రాకును. అందుచేతనే ఉంగరమును అతుకబోవు కంసాలి ముందుగా అందలి రాతిని ఊడదీసి ప్రక్కన పెట్టుకొనును. రేడియో బాగుచేయువాడు కాగిన కడ్డీని ఒక్క క్షణము ఎక్కువసేపు ఆనించినచో టంకము బాగుగనే అంటును గాని, దాని ప్రక్కనున్న ట్రాన్సిస్టరు చెడిపోవును.

నేటి కర్మాగారములందు ఈ యిబ్బందిని చాలవఱకు తప్పించిన సాధనము లేజరు కిరణము. కారు పైకప్పును దాని ప్రక్కగోడలకు, విమానపు రేకును దాని పక్కటెముకలకు, విద్యుత్ బండిలోని బ్యాటరీ గుళికను లోహపు పట్టీకి, గుండె రోగి రొమ్ములో అమర్చు చిన్న పెట్టె యొక్క ఒక చిప్పను రెండవ చిప్పకు నేడు వెలుగుతో అతుకుచున్నారు. వెలుగు లోహమును కరిగించుట యెట్లు, అట్టి అతుకు ఎచ్చట మేలు, ఎచ్చట చిక్కు, దానిని వేయువాని కెట్టి అపాయము కలదు అను సంగతులను మన మిప్పుడు కొంత వివరముగా చూతము.

లేజరు పుట్టుకను గూర్చి రెండు మాటలు చాలును. శక్తిని పుంజుకొనియున్న పరమాణువును తగిన కాంతికణము తాకినచో, ఆ పరమాణువు తన శక్తిని మఱియొక కాంతికణముగా విడుచుననియు, ఈ రెండవది మొదటిదానికి అన్ని విధముల జోడుగా అదే దిక్కున నడచుననియు 1917లో ఐన్‌స్టీను చూపెను. ఒకటి రెండగును, రెండు నాలుగగును. ఎదురెదురు అద్దముల నడుమ ఈ వృద్ధిని సాగనిచ్చినచో చెదరని కిరణము లభించును. ఈ సిద్ధాంతము కార్యరూపము దాల్చుటకు నలువది మూడేండ్లు పట్టినది. 1960 మే 16వ తేదీన కాలిఫోర్నియాలోని మాలిబూ వద్ద, హ్యూస్ పరిశోధనాలయమున, థియొడోర్ మైమన్ కెంపు కడ్డీ చుట్టును ఫోటోలు తీయువారి మెఱుపుదీపము వంటి దీపమును అమర్చి తొలి లేజరును వెలిగించెను. సమస్య కొఱకు వెదకుచున్న పరిష్కార మిదియని అప్పట్లో దీనిని హాస్యమాడిన వారు కలరు. ఆ హాస్యము ఎన్నో యేండ్లు నిలువలేదు. 1965లోనే అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థవారు తీగలు లాగెడి వజ్రపు కమ్మచ్చులకు రంధ్రములు వేయుటకు లేజరును వినియోగించిరి. వజ్రమునకు బెజ్జము వేయగలిగిన వెలుగు ఉక్కును కరిగించుట వింత కాదు.

ఐనను, వెలుగు అనగానే మనకు వెచ్చదనమే తోచును గాని ఉక్కు కరుగునంతటి వేడి తోచదు. ఇచ్చట ఒక చిన్న లెక్క వేసికొనవలెను. ఒక కిలోవాటు శక్తి పెద్దది కాదు. వంటింటిలో నీళ్లు కాచు విద్యుత్ పాత్ర అంతకంటె ఎక్కువే తీసికొనును. కాని ఆ ఒక కిలోవాటును కిరణముగా చేసి, కటకముతో కూర్చి, మిల్లీమీటరులో అయిదవ వంతు వెడల్పుగల చుక్కపై పడవేయుదము. అది ఆవగింజ వెడల్పులో దాదాపు పదవ వంతు. ఆ చుక్కమీద చదరపు సెంటీమీటరునకు 30 లక్షల వాట్లకు పైబడిన తాకిడి కలుగును. నడివేసవి మధ్యాహ్నపు టెండ చదరపు సెంటీమీటరునకు ఇచ్చునది వాటులో పదవ వంతు మాత్రమే. అనగా ఆ చుక్కపై పడునది ఎండకు మూడు కోట్ల రెట్లు. పిల్లలు భూతద్దముతో ఎండను కూర్చి కాగితమును కాల్చుదురు గదా. విద్య అదియే, మోతాదు వేఱు.

ఈ తాకిడికి లోహమున జరుగు మార్పు గమనింపదగినది. శక్తి తక్కువగా నున్నంతవఱకు లోహపు పైపొర కరిగి, లోతులేని పళ్లెమువలె ఒక మడుగు ఏర్పడును. పలుచని రేకులకు ఆ మడుగే చాలును. చదరపు సెంటీమీటరునకు దాదాపు పది లక్షల వాట్లు దాటినచో ఉక్కు కరుగుటతో ఆగక ఆవిరి యగును. ఇనుము సుమారు 1,540 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరుగును, 2,860 డిగ్రీల వద్ద మరుగును. ఎగజిమ్ము ఆవిరి తన క్రిందనున్న ద్రవలోహమును వెనుకకు నెట్టును. గిన్నెలోని నీటిపై సన్నని గొట్టముతో గట్టిగా ఊదినచో నీటియందు గుంట పడుట మన మెఱుగుదుము, ఇదియు నట్టిదే. కిరణము ఆ గుంటలో దూరి మఱింత లోతున ఆవిరి పుట్టించును. ఇట్లు లోహములో సన్నని, లోతైన బావి యొకటి ఏర్పడును. దీనిని పాశ్చాత్యులు తాళపుచెవి రంధ్రమని పిలిచిరి. బావిలో దిగిన కిరణము గోడలకు తగిలి తగిలి ప్రతిఫలించుచు, తాకినప్పుడెల్ల కొంత శక్తిని విడుచును. కావున చదునైన లోహముపై పడినపుడు తప్పించుకొని పోవు వెలుగు ఇచ్చట చిక్కుకొని పోవును.

కిరణము ముందునకు జరుగుచుండగా బావియు దానితో జరుగును. ముందువైపు కరిగిన లోహము బావి నిరుప్రక్కల చుట్టి వెనుకకు ప్రవహించి గడ్డకట్టును. అదియే అతుకు. వెడల్పునకు పది రెట్లు లోతుగల అతుకు కూడ ఇట్లు వేయ వీలగును. కమ్మరి కొలిమి గాని, గ్యాసు మంట గాని, విద్యుత్ ఆర్కు గాని ఇట్టి సన్నని గీతను గీయలేవు. కరిగిన లోహము తక్కువ, ప్రాకెడి వేడి తక్కువ. రేకు వంకరపోదు, ప్రక్కనున్న వస్తువు మాడదు.

ఈ యొక్క గుణము వలన మనుష్యుల ప్రాణములకు కలిగిన మేలును చూడవలెనన్న, గుండెకు తాళము వేయు పేస్‌మేకరు కథను తీసికొనవలెను. 1958 అక్టోబరులో స్వీడనునందు ఆర్నె లార్సన్ అను రోగికి ఓకె సెన్నింగ్ అను శస్త్రవైద్యుడు పూర్తిగా శరీరములోపల ఇముడు తొలి పేస్‌మేకరు నమర్చెను. దానిని చేసినవాడు రూనె ఎల్మ్‌క్విస్ట్ అను ఇంజనీరు. రెండు ట్రాన్సిస్టర్లు, ఒక చిన్న బ్యాటరీ, కొన్ని తీగలు. వీనిని బూటుపాలిషు డబ్బా అచ్చుగా రెసిను అను జిగురుముద్దలో పోతపోసిరి. ఆ తొలి యంత్రము కొన్ని గంటలు మాత్రమే పనిచేసినది. ఆపై మఱియొకటి, మఱియొకటి. లార్సన్ తన జీవితమున ఇరువదికి మించిన యంత్రములు మార్చుకొని, మఱి 43 సంవత్సరములు జీవించి, 2001లో చనిపోయెను.

రెసిను ముద్దకు గల లోపము దాని సూక్ష్మరంధ్రములే. మన దేహము లోపల వెచ్చని ఉప్పునీరు వంటిది. దాని తేమ మెల్లమెల్లగా రెసినులోనికి దూరి తీగలను తినివేయును. లోహపు పెట్టెలో బిగించి అతికినచో తేమ రాదు. కాని అప్పటి పాదరసపు బ్యాటరీ పనిచేయుచు హైడ్రొజను వాయువును విడుచుచుండెడిది. దానిని మూసిన పెట్టెలో పెట్టరాదు. 1970 దశకపు ఆరంభమున వాయువు విడువని లిథియము - అయొడిను బ్యాటరీ వచ్చిన పిమ్మటనే గాలిచొరని టైటానియము పెట్టె సాధ్యమైనది. అప్పుడు క్రొత్త చిక్కు వచ్చినది. టైటానియము 1,668 డిగ్రీల వద్ద కరుగును. లోపలనున్న లిథియము 180 డిగ్రీలకే కరిగిపోవును. అతుకు వేయు అంచునకు, బ్యాటరీకి నడుమ ఎడము కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే! కంసాలివలె రాతిని ఊడదీసి ప్రక్కన పెట్టుకొను వీలు లేదు, ఏలయన పెట్టెను మూయుటయే ఇచ్చటి పని.

లేజరు ఈ చిక్కును విప్పినది. కిరణమును ధారగా వదలక, సెకనులో వేయివ వంతులు మాత్రము నిలుచు మెఱుపులుగా వదలుదురు. ఒక్కొక్క మెఱుపునకు ఒక చుక్క కరిగి గడ్డకట్టును. రెండవ మెఱుపు దానిపై కొంత ఒరసికొని పడును. కుట్టుపనిలో కుట్టు ప్రక్క కుట్టు పడినట్లు పెట్టె అంచు చుట్టును చుక్కల వరుస తిరిగి వచ్చి మొదటి చుక్కతో కలియును. ప్రతి రెండు మెఱుపుల నడుమ లోహము చల్లారుటకు వ్యవధి దొరకుటచే లోపలి బ్యాటరీకి సెగ తగలదు. కాగిన టైటానియము గాలిలోని ఆక్సిజనును, నైట్రొజనును పీల్చి పెళుసెక్కును గనుక ఈ పని అంతయు ఆర్గాను, హీలియము వంటి జడవాయువులు నింపిన గాజు గదిలో, గోడకు బిగించిన రబ్బరు చేతితొడుగులలో చేతులు దూర్చి చేయుదురు. పని తెలిసినవాడు అతుకు రంగును చూచియే తీర్పు చెప్పును. వెండివలె తెల్లగా మెఱసినచో మంచిది. గడ్డిరంగు తేలినచో గాలి కొంచెము సోకినది. నీలిరంగు వచ్చినచో ఆ పెట్టెను పాఱవేయవలసినదే. అటుపిమ్మట పెట్టెలో చిక్కిన హీలియము బయటికి కాఱుచున్నదేమో సూక్ష్మయంత్రములతో పరీక్షింతురు. హీలియము పరమాణువు మిక్కిలి చిన్నది. అది దూరలేని చోట నీరు దూరజాలదు.

నిమిషమునకు డెబ్బది సార్లు కొట్టుకొను గుండె ఏడాదికి మూడున్నర కోట్ల పర్యాయములకు పైగా కొట్టుకొనును. అన్నిటికిని తోడు నిలుచు యంత్రమును అర మిల్లీమీటరుకు లోపు మందముగల రేకుపై వేసిన ఆ చుక్కల వరుసయే కాపాడుచున్నది. రోగి దానిని చూడడు, శస్త్రవైద్యుడును దానిని తలచుకొనడు.

ఇంత మేలైన అతుకు అన్ని చోట్ల సులభముగా పడునని తలపరాదు. కార్ల కర్మాగారమునకు వత్తము. కార్లకు వాడు ఉక్కు రేకులు త్రుప్పు పట్టకుండుటకై తుత్తునాగపు పూతతో వచ్చును. ఇండ్లపై కప్పు జింకు రేకులును అట్టివే. రెండు పూత రేకులను ఒకదానిపై నొకటి అదిమి పైనుండి లేజరు వేసినచో అతుకు బొబ్బలెక్కి, చీలికలు పడి, చూచుటకే వికారముగా నుండును. తుత్తునాగము 907 డిగ్రీలకే ఆవిరి యగును. ఉక్కు కరుగుటకు 1,500 డిగ్రీలు కావలెను. ఉక్కు కరుగు వేళకు రెండు రేకుల నడుమ బందీయైన తుత్తునాగపు ఆవిరి దారి వెదకుకొని, కరిగిన ఉక్కునే చీల్చుకొని పైకి చిమ్మును. మూత గట్టిగా బిగించిన అన్నపు గిన్నె పొంగినట్లే. ఇంజనీర్లు కనుగొన్న ఉపాయము మిక్కిలి సరళము. క్రింది రేకుపై ముందుగా చిన్న చిన్న బొడిపెలు లేపుదురు. వాని వలన రెండు రేకుల నడుమ మిల్లీమీటరులో పదవ వంతు సందు నిలుచును. ఆవిరి ఆ సందున ప్రక్కకు జాఱుకొనును. బొడిపెలను లేపుటకును లేజరునే వాడుట కలదు.

కాని ఆ సందు మఱికొంత పెరిగినను పని చెడును. ఆర్కు వెల్డింగు చేయువాడు రెండు ముక్కల నడుమ కాస్త ఎడమున్నచో చేతిలోని కడ్డీని కరిగించి దానిని నింపివేయును; అతని చేయి తప్పులను సరిదిద్దుచునే పోవును. లేజరు కిరణమునకు ఆ దాక్షిణ్యము లేదు. రేకు మందములో పదవ వంతునకు మించిన సందున్నచో కిరణము దానిగుండ దూసికొని పోవును, లేదా అతుకు మధ్య పల్లమై బలహీనపడును. కావున లేజరు వచ్చిన కర్మాగారమున నైపుణ్యము అతుకు వేయు చోటినుండి వెనుకకు జరిగి, రేకు కత్తిరించువాని వద్దకు, బిగింపు చట్రములు చేయువాని వద్దకు చేరినది. కిరణము పడుటకు ముందే మంచి చెడ్డలు చాలవఱకు నిర్ణయమైపోవును. దీనిని గ్రహింపక ఖరీదైన యంత్రము కొన్నంతనే మంచి అతుకులు పడునని ఆశించి నిరాశపడిన యజమానులు లేకపోలేదు.

వేగము, సన్నదనము కావలసిన చోట ఈ కష్టమంతయు గిట్టుబాటగును. వేఱు వేఱు మందముల ఉక్కు రేకులను అంచున కంచు లేజరుతో అతికి, ఆ పిమ్మట అచ్చులో నొక్కి కారు భాగముగా మలచు పద్ధతి 1980 దశకమున జర్మనీలో ఆరంభమైనది. బలము కావలసిన చోట మందపు రేకు, అక్కఱలేని చోట పలుచని రేకు. కారు బరువు తగ్గును. విమానములందు ఎయిర్‌బస్ సంస్థవారు ఏ318 రకముతో ఆరంభించి, క్రింది కడుపు భాగమున రేకునకు పక్కటెముకలను రివెట్లతో కాక లేజరుతో అతికిరి. రివెట్టు బరువు తగ్గెను, రివెట్టు కొఱకు పొడుచు రంధ్రము తప్పెను.

చల్లారుటలో గల వేగమే ఒక్కొక్కచో శత్రువగును. కమ్మరి కొడవలికి పదును ఎక్కించుటకు ఎఱ్ఱగా కాచి నీట ముంచును. ఉక్కు గభాలున చల్లారి గట్టిపడును, కాని పెళుసు కూడ అగును. లేజరు అతుకు సన్ననిది గనుక చుట్టునున్న చల్లని లోహమే దానికి నీటితొట్టి వలె పనిచేయును. కర్బనము ఎక్కువగా గల ఉక్కుతో చేసిన పండ్లచక్రములను అతికినపుడు అతుకు అద్దమువలె పెళుసెక్కి చీలునట్టి ప్రమాదము కలదు. అందుచే అట్టి ముక్కలను ముందుగా కొంత వేడిచేసి పిమ్మట అతుకుదురు. వేడిని తగ్గించుటకు వచ్చిన సాధనమునకు మరల వేడి నరువు తెచ్చి యీయవలసివచ్చుట విచిత్రమే.

ఇక లోహములలో మొండిది రాగి. కర్మాగారపు లేజరులలో చాలకాలము రాజ్యమేలినది బొగ్గుపులుసుగాలి లేజరు. దానిని 1964లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున కనిపెట్టినవాడు మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పూనా ఇంజనీరింగు కళాశాలలో చదివిన కుమార్ పటేల్. దాని కిరణపు అల పొడవు 10.6 మైక్రోమీటర్లు. అది గాజుతీగలో ప్రయాణింపదు. అద్దముల మీదుగా త్రిప్పుకొని పోవలెను. తరువాత వచ్చిన లేజరులు ఒక మైక్రోమీటరు అలవి. వానిలో ఇటర్బియము కలిపిన సన్నని గాజుతీగయే కిరణమును పుట్టించు రకము నేడు అగ్రస్థానమున నున్నది. తీసికొన్న విద్యుత్తులో పటేల్ లేజరు నూటికి పది వంతులను వెలుగుగా మార్చగా, ఇది ముప్పదికి మించి మార్చును. పైగా కిరణమును తీగవలె వంచి యంత్రహస్తమునకు అందింపవచ్చును. ఐనను ఈ వెలుగు మెఱుగుపెట్టిన రాగిపై పడినచో నూటికి తొంబదియైదు వంతులు అద్దముపై పడినట్లు తిరిగిపోవును. మిగిలిన వంతులతో రాగి కరుగదు. శక్తి పెంచినచో కరగుట ఆరంభమైన మఱుక్షణమే ఒక్కసారిగా అధికముగా పీల్చి చిమ్మును. ఆకుపచ్చ, నీలి వెలుగులను రాగి ఎంతో ఎక్కువగా పీల్చుకొనును. రాగి మనకు ఎఱ్ఱగా కనబడుటకు కారణమే అది: ఎఱుపును త్రిప్పిపంపి నీలమును మ్రింగును. అందుచేత ఇటీవలి సంవత్సరములలో నీలి, ఆకుపచ్చ లేజరులు రాగి పనికై కర్మాగారములలో ప్రవేశించినవి.

ఈ రాగి గొడవ మన వీధులలో తిరుగు విద్యుత్ బండ్లకు సంబంధించినది. ఒక్కొక్క వాహనపు బ్యాటరీలో పదులు, వందలు, కొన్నిట వేలకొలది గుళికలుండును. ప్రతి గుళికను పట్టీతో కలుపు అతుకు ఒకటి కంటె ఎక్కువ. అతుకు లోతు తక్కువైనచో విద్యుత్తునకు అడ్డంకి కలిగి ఆ చోట వేడెక్కును. లోతు ఎక్కువైనచో గుళిక డబ్బాకు చిల్లిపడును. పట్టీ రాగి, గుళిక కొన అల్యూమినియము ఐనచోట మఱియొక చిక్కు: ఈ రెండును కలిసి కరిగినపుడు పుట్టు మిశ్రపదార్థము పెళుసైనది. వీనిని వీలైనంత తక్కువగా కలియనిచ్చి గట్టిగా పట్టింపవలెను. వేయి అతుకులలో ఒక్కటి చెడినను దాని ఫలితము ఆ బండి యెక్కిన కుటుంబమునకు తగులును. కావున అతుకు పడుచున్నపుడే దాని లోతును కొలుచుట అవసరమైనది. కంటి ఆసుపత్రులలో నేత్రపటలపు పొరలను చూచు ఓసీటీ అను యంత్రము మనలో కొందఱు ఎఱుగుదురు; అదే సూత్రమున నడచు పరికరము ఒకటి, బావి అడుగునకు వేఱొక బలహీనమైన వెలుగును పంపి, తిరిగివచ్చిన వెలుగును బట్టి లోతును అతుకు సాగుచుండగానే చెప్పును. హైదరాబాదు శివారున బాలాపూరు వద్దగల ఏ.ఆర్.సి.ఐ. అను కేంద్రప్రభుత్వ పరిశోధన సంస్థలో లేజరుతో లోహములకు పనిచేయు విద్యకు ప్రత్యేక విభాగమే కలదు.

ఇంతవఱకు చెప్పిన యంత్రములన్నియు మూసిన గదులలో, యంత్రహస్తముల చేతిలో నున్నవి. ఇటీవల చేతితో పట్టుకొను లేజరు వెల్డింగు తుపాకులు బజారులోనికి వచ్చినవి. ఒకటి, ఒకటిన్నర కిలోవాట్ల శక్తి గలవి. స్టెయిన్‌లెస్ ఉక్కు రేకుపై చక్కని గీతవలె అతుకు పడును. పనిని కొలది దినములలో నేర్వవచ్చును. కిరణమును అటునిటు వేగముగా ఊపు ఏర్పాటుండుటచే కొంచెము సందున్నను సర్దుకొనును. చిన్న పనిశాలల వారు వీనిపై ఆసక్తి చూపుట సహజము. కిటికీ ఊచలకు, గేట్లకు పాత ఆర్కు యంత్రమే చాలునని మా అభిప్రాయము. పలుచని రేకు పని ఎక్కువగా గలవారికి మాత్రము ఇది నిజముగా ఉపకరించును. వారు తెలిసికొనవలసిన సంగతి ఒకటి కలదు.

ఆర్కు వెలుగు కంటికి కనబడును. చూచినవాడు వెంటనే కన్ను మూసికొనును. తప్పి చూచినచో రాత్రి ఇసుక పోసినట్లు కన్ను మండును, రెండు దినములలో తగ్గును. ఈ లేజరు వెలుగు మన కంటికి కనబడదు. కనబడకున్నను కంటి నల్లగ్రుడ్డు దానిని అడ్డగింపక లోనికి పోనిచ్చును. కంటి కటకము దానిని కూర్చి, వెనుకనున్న నేత్రపటలముపై ఇంచుమించు లక్ష రెట్లు తీవ్రముగా పడవేయును. రెప్ప వాలదు, నొప్పియు కలుగదు. చూపులో నడుమ మచ్చ ఏర్పడిన పిమ్మటనే తెలియును. అది మానునది కాదు. తిన్నగా చూడకున్నను మెఱుగు రేకుపై పడి ప్రతిఫలించినది చాలును. ఒకటిన్నర కిలోవాట్లలో నూటికి నాలుగు వంతులు చెదరినను అది అఱువది వాట్లు. తరగతి గదిలో ఉపాధ్యాయులు చూపు ఎఱ్ఱ చుక్కల లేజరునకు నిరపాయమని పెట్టిన హద్దు వాటులో వేయివ వంతు.

కావున ఆర్కు వెల్డింగునకు వాడు నల్లద్దపు ముసుగు నొక్కదానిని నమ్మి ఈ తుపాకిని పట్టరాదు. లేజరు కొఱకే చేసిన కళ్లద్దములు కావలెను. వానిపై అవి ఆపగల అలల పొడవును అంకెలలో అచ్చువేయుదురు. ఈ తుపాకుల కిరణము సాధారణముగా 1,070, 1,080 నానోమీటర్లు. కళ్లద్దముపైని అంకెలలో ఇది ఇమిడియున్నదో లేదో చూచుకొనవలెను. పనివాడే కాక, ప్రక్కన రేకు పట్టుకొనువాడును, ఆ గదిలో నున్న ప్రతివాడును వీనిని ధరింపవలెను. టీ తెచ్చు కుఱ్ఱవాడు కూడ. గది కిటికీలకు, వాకిలికి అట్టి కాంతి నాపగల తెరలు కావలెను. తుపాకి ముక్కు లోహమును తాకియున్నపుడు తప్ప కిరణము రాకుండ చేయు తీగ ఒకటి యంత్రముతోనే వచ్చును. దాని కొక్కెమును పనిముక్కకే తగిలింపవలెను గాని, పని త్వరగా సాగునని దానిని ఎల్లవేళల మూసియుంచరాదు. జింకు పూత రేకులనుండి వచ్చు పొగ జ్వరము తెప్పించును గనుక పొగను లాగు గొట్టము అతుకునకు దగ్గఱగా నుండవలెను. కళ్లద్దముల గాజుపై గీత పడినను, బీట పడినను వానిని వాడుట మాని క్రొత్తవి కొనవలెను.